సముద్రపుటడుగు

అగస్త్యమహర్షి సముద్రము నాపోశనము పట్టెనని మన పురాణములు చెప్పుచున్నవి. నీటిలో దాగియున్న రాక్షసులు బయటపడిరనియు, దేవతలు వారిని సంహరించిరనియు పెద్దలు కథ చెప్పుదురేగాని, నీరు పోయిన పిమ్మట ఆ యడుగు ఎట్లుండెనో ఎవ్వరును చెప్పరు. అందు కొండ లుండెనా? లోయ లుండెనా? లేక చెరువడుగువలె అంతయు బురదయేనా? ఈ కథ వినిన పిల్లలలో నొక రిద్దరైనను ఈ ప్రశ్న నడిగియే యుందురు. "అడుగుసంగతి నీకెందుకే, పండుకొమ్ము" అనియే సమాధానము వచ్చియుండును.

ఆ ప్రశ్నకు సమాధానము చెప్పుటకై ఒక స్త్రీ తన జీవితములో పెద్దభాగమును వెచ్చించెననియు, అందు నాలుగింట మూడుపాళ్లు ఇంకను మిగిలియే యున్నదనియు తెలిసినది మొదలు, ఈ సంగతిని సోదరీమణులతో ముచ్చటింపవలెనను కోరిక మాకు కలిగినది. ఇది పండితుల విషయము, వంటయిల్లు చూచుకొను మన కేల యని కొంద రనవచ్చును. ఒక యింటిని దిద్దుకొని, ఉన్నదానిని లెక్కచూచుకొని, రేపటికి మిగుల్చుట తెలిసినవారికి ఇందలి ధర్మము సులభముగ బోధపడునని మా నమ్మకము.

నూతిలోనికి చేద విడుచు స్త్రీకి లోతు కొలుచుట నొకరు నేర్పనక్కరలేదు. చేతిలోని త్రాడు సడలుటతోనే చేద నీటిని తాకినదని తెలియును. చేద జారిపోయినచో పాతాళగరిగె వేసి, కంటికి కనబడని యడుగును త్రాటితోనే తడవి చూతుము. శతాబ్దముల తరబడి నావికులు సముద్రమును కొలిచినదియు నిట్లే. త్రాటికొనకు బరువైన గుండు కట్టి విడుతురు. అది అడుగు నానినపుడు దిగిన త్రాటిని కొలుతురు. 1872వ సంవత్సరమున ఇంగ్లండునుండి బయలుదేరిన 'ఛాలెంజర్' అను ఓడ 1876 వరకు మహాసముద్రములు తిరిగి యిట్లే లోతులను కొలిచినది. 1875 మార్చి నెలలో పసిఫిక్ మహాసముద్రమున నొకచోట వారి త్రాడు 4475 బారలు దిగెను. అనగా ఎనిమిది కిలోమీటర్లకు పైమాట. ఆ చుట్టుపట్లనే భూమిపై నన్నిటికంటె లోతైన తావు కలదని తరువాత తేలినది. దానికి ఆ యోడపేరే పెట్టిరి. అచ్చటి లోతు దాదాపు 11 కిలోమీటర్లు. ఎవరెస్టు శిఖరమును తెచ్చి అందు ముంచినను, దానిపై మరి రెండు కిలోమీటర్ల నీరు నిలుచును.

త్రాటితో కొలుచుట మిక్కిలి ప్రయాసము. లోతైనచోట ఒక్క కొలతకే గంటలు గడచును. మొదటి ప్రపంచయుద్ధము తరువాత త్రాటికి మారుగ ధ్వని వాడుకలోనికి వచ్చినది. పాడునూతిపై వంగి కేకవేసినచో ప్రతిధ్వని వచ్చునుగదా. అట్లే ఓడనుండి పంపిన ధ్వని అడుగును తాకి తిరిగివచ్చుటకు పట్టిన కాలమును బట్టి లోతు లెక్కకట్టుదురు. సముద్రజలములో ధ్వని సెకండునకు సుమారు 1500 మీటర్లు పోవును. పోయి వచ్చుటకు 6 సెకండ్లు పట్టినచో లోతు 4500 మీటర్లని తెలియవలెను. ఈ విధముగ ఓడ నడచినంత మేర అంకెలు పుట్టుచునే యుండును. అయితే అంకెలు పటము కావు. వానిని కూర్చి రూపము కల్పించినవా రెవరో మన మెరుగవలసియున్నది.

ఆమె పేరు మేరీ థార్ప్. 1920లో అమెరికాలోని మిషిగన్ రాష్ట్రమున జన్మించినది. తండ్రి పొలముల మట్టిని పరీక్షించి పటములు గీయు ప్రభుత్వోద్యోగి. రెండవ ప్రపంచయుద్ధమునకు పురుషులు తరలిపోగా, ఖాళీపడిన తరగతులలోనికి స్త్రీలను రానిచ్చిరి. ఆ విధముగ ఆమెకు భూగర్భశాస్త్రము చదువుకొను నవకాశము దొరకినది. 1948లో న్యూయార్కునందలి కొలంబియా విశ్వవిద్యాలయమున పనికి కుదిరినది. అచ్చట బ్రూస్ హీజెన్ అను యువకుడు ఓడలపై పోయి లోతులను కొలిచి తెచ్చెడివాడు. ఈమె బల్లయొద్ద కూర్చుండి ఆ యంకెలను పటముగ కూర్చెడిది. ఆమె ఓడ నేల యెక్కలేదని అడుగుదురేమో. ఆడది యెక్కిన ఓడకు కీడు మూడునను శకునము ఆ దేశపు నావికులలోను ఉండెను! శకునములు మన యిండ్లలోనే కలవనుకొనువారికి ఈ సంగతి కొంత యూరట కలిగింపవచ్చును.

మన ముంగిట చుక్కలు పెట్టి ముగ్గు కలుపునపుడు, చుక్కలు సరియైన వరుసలలో నుండును. కలుపవలసిన తీరును చేతికి తెలియును. థార్ప్‌కు దొరకిన చుక్కలు అట్టివి కావు. ఓడ పోయినచోటనే చుక్కలు. నడుమ వందల మైళ్ల ఖాళీ. భూమి స్వభావమెరిగి, ఓపికతో, ఊహకును సాక్ష్యమునకును గల భేదమును మరువక ఆ ఖాళీలను దాటవలెను. 1952లో ఆమె ఉత్తర అట్లాంటిక్ సముద్రమున ఈ దరినుండి ఆ దరివరకు ఆరు అడ్డుకోతలు గీసెను. ఆ సముద్రము నడుమ నొక పర్వతపంక్తి కలదని అంతకుముందే తెలియును. అయితే ఆ పర్వతముల నడినెత్తిన, పాపిటవలె, లోతైన చీలిక యొకటి ప్రతి కోతలోను ఇంచుమించు ఒకే తావున ఆమెకు కనబడెను. భూమి అచ్చట రెండుగ విడిపోవుచున్నదని ఆమె యూహించెను.

ఖండములు కదలుచున్నవనుట ఆనాటి అమెరికా శాస్త్రజ్ఞులలో పలువురకు నవ్వులాట. హీజెన్ ఆమె మాటను ఆడవారి కబుర్లని త్రోసివేసెను. ఈ సంగతిని తరువాత ఆమెయే వ్రాసియున్నది. ఆమె వాదమునకు దిగక, లెక్కలు మరల చూచి, మరల గీసినది. ఆ కాలముననే హోవర్డ్ ఫాస్టర్ అను చెవిటివాడైన చిత్రకారుడు, సముద్రములో పుట్టిన భూకంపముల స్థానములను వేరొక పటముపై గుర్తించుచుండెను. రెండు పటములును ఒకే కొలతతో గీయబడినవి. ఒకదానిపై నొకటి యుంచి క్రింద దీపము వెలిగించి చూడగా, భూకంపముల చుక్కలన్నియు ఆమె గీసిన లోయవెంబడి వరుసగా నిలిచెను! ఇంకేమున్నది? ఇంచుమించు ఏడాదిపాటు నమ్మనివాడు నమ్మెను. 1959లో ఫ్రెంచి దేశీయుడగు జాక్ కూస్తో నీటిలోనికి కెమెరాను దింపి ఆ లోయను చిత్రము పట్టి పండితుల సభలో చూపగా, తక్కినవారిలో పలువురకును సందేహము తీరినది.

ఈ పర్వతపంక్తి ఒక్క అట్లాంటిక్‌లోనే గాక మహాసముద్రములన్నిటి గుండను, చెండునకు వేసిన కుట్టువలె, సుమారు 65,000 కిలోమీటర్లు సాగియున్నది. చీలికనుండి కరగిన రాయి పైకివచ్చి చల్లారి క్రొత్తనేల యగుచున్నది. సముద్రములో బడబాగ్ని కలదని మన పూర్వులు చెప్పినది కవితయేగాని, నీటి క్రింద నిప్పున్నమాట మాత్రము నిజమే.

ఈ విషయమును లోకమునకు తెలిపిన తొలి వ్యాసములలో ఆమె పేరు లేదు. పటములపై మాత్రము నిలిచినది. 1957లో ఉత్తర అట్లాంటిక్ పటము వెలువడినది. లోతుల యంకెలను ప్రకటింపరాదని అమెరికా నౌకాదళము కట్టడిచేయగా, అంకెలకు మారుగ కొండలను లోయలను కంటికి కట్టునట్లు చిత్రించిరి. రహస్యమునకై విధించిన ఆ కట్టడివలననే సముద్రపుటడుగు సామాన్యులకు చూడ నోచినది. 1960ల దశకము నడుమగాని ఆమెకు పరిశోధనానౌక యెక్కు నవకాశము రాలేదు. 1977లో సకల మహాసముద్రముల పటము పూర్తియైనది. హీజెన్ ఆ యేడే మరణించెను. థార్ప్ 2006వ సంవత్సరమున, 86 యేండ్ల ప్రాయమున పరమపదించినది.

ఆ 1977 నాటి పటము చూచినపుడు మా కన్నులు మొదట వెదకినది మన బంగాళాఖాతమునే. అట్లాంటిక్‌వలె అచ్చట నడుమ పర్వతములు లేవు; విసనకఱ్ఱవలె విప్పుకొన్న విశాలమైన యొండ్రుమేట యున్నది. హిమాలయములను అరగదీసి గంగా బ్రహ్మపుత్రలు తెచ్చిన మట్టి యది. దాదాపు 3000 కిలోమీటర్ల పొడవున పరచుకొని, ప్రపంచములోని యిట్టి మేటలలో పెద్దదిగ పేరొందినది. మన గోదావరీ కృష్ణలును తమ పాలు మట్టిని ఆ సముద్రమునకే అర్పించుచున్నవి. తెలుగుతీరపు వాలునందు నీటి యడుగున లోతైన గండ్లు కలవు. 1950ల దశకమున ఆంధ్ర విశ్వకళాపరిషత్తునకు వచ్చి పనిచేసిన లాఫాండ్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు, వానిని గూర్చి 1964లో ప్రకటించిన వ్యాసములో ఆంధ్ర, మహాదేవన్, కృష్ణ అను పేర్లతో పేర్కొనెను. మహాదేవన్ అనునది ఆ విశ్వవిద్యాలయమునందలి భూగర్భశాస్త్రాచార్యుని పేరు. మన పేరుగల లోయ యొకటి మన సముద్రములోనే యుండగా, మనలో నెందరికి ఆ సంగతి తెలియును?

అడుగు తెలియుట వేడుకకు మాత్రమే కాదు. 2004 డిసెంబరు 26వ తేదీన సుమత్రా చెంత సముద్రపుటడుగు కదలగా పుట్టిన సునామీ, కొన్ని గంటలలోనే మన తీరమునుగూడ తాకి ఎన్నో బెస్తకుటుంబములలో దుఃఖము నింపెను. అట్టి యల వేగము లోతునుబట్టి యుండును. 4000 మీటర్ల లోతున గంటకు 700 కిలోమీటర్లు పరుగిడి, తీరము చేరువైనకొలది వేగము తగ్గి ఎత్తు పెరుగును. అందుచేత అల యే యూరికి ఎప్పుడు, ఎంత యెత్తున వచ్చునో చెప్పవలెనన్నచో అడుగు రూపము తెలిసితీరవలెను. సముద్రమునకు దూరమున నున్న హైదరాబాదులోని ఇన్‌కాయిస్ అను సంస్థయందు 2007 నుండి సునామీ హెచ్చరిక కేంద్రము పనిచేయుచున్నది. గంగమ్మజాతర చేయు పల్లెకారు తల్లికి ఆ పటముతో పనిలేదని ఎవ రనగలరు?

ఇంత జరిగినను ఎరుగనిదే యధికము. 2030 నాటికి సముద్రపుటడుగు నంతయు పటమునకెక్కింపవలెనని 2017లో పలుదేశములవారు కలిసి పని మొదలిడిరి. అప్పటికి సరిగా కొలువబడినది 6 శాతము; 2025 జూన్ నాటికి 27.3 శాతము. ఉపగ్రహములు తక్కినదాని పోలికలను చూపగలవేగాని, సన్నని వివరములను చూపలేవు. చంద్రుని పైభాగమును ఇంతకంటె స్పష్టముగ నెరుగుదుము. అదియును రూపు మాత్రమే. లోతైన సముద్రపుటడుగున మనుష్యులు కన్నులతోగాని కెమెరాలతోగాని చూచిన భాగము నూటికి వేయవవంతైనను లేదని 2025లో ప్రకటింపబడిన యొక పరిశీలన తెల్పుచున్నది.

చూచిన ఆ రవ్వంతలోనే ఎన్ని యద్భుతములు! కాలిఫోర్నియా తీరమున 1400 మీటర్ల లోతున నొక ఆక్టోపస్ గ్రుడ్లుపెట్టి కాచుకొనియుండుటను 2007లో శాస్త్రజ్ఞులు చూచిరి. మరల పోయిరి, అది అచ్చటనే యున్నది. 2011 వరకు 18 పర్యాయములు పోయి చూచిరి. సుమారు నాలుగున్నర యేండ్లు ఆ తల్లి కదలలేదు. అది ఆహారము ముట్టగా ఎన్నడును చూడలేదు. దాని దేహము చిక్కి, చర్మము పాలిపోయినది. కడపట చూడబోవునప్పటికి తల్లి లేదు. పగిలిన గ్రుడ్ల డొల్లలు మాత్రము రాతిని అంటియుండెను. పిల్లలు ఈదిపోయినవి. ఎరిగిన జంతువులలో ఇంతకాలము గ్రుడ్లను కాచినది మరియొకటి లేదు. ఆ చీకటిలో, ఆ చలిలో నిట్టి తల్లితన మొకటి సాగుచున్నదని ఎవరైన కలగనిరా?

ఇంతకంటె లోతున, నాలుగైదు కిలోమీటర్ల దిగువను, కొన్ని మైదానములలో బంగాళాదుంపలంతేసి నల్లని గడ్డలు పరచుకొనియున్నవి. వీనిని మొదట పైకి తెచ్చినది ఆ ఛాలెంజర్ ఓడయే. సొరచేప పన్నుచుట్టునో, చిన్న రాతిముక్కచుట్టునో మాంగనీసు, నికెలు, రాగి, కోబాల్టు పొరలుపొరలుగ పేరుకొని యివి పెరుగును. పది లక్షల యేండ్లకు కొన్ని మిల్లీమీటర్లు మాత్రమే వీని పెరుగుదల. మెత్తని బురదలో గట్టితావు ఇవియే గనుక, స్పంజులు మున్నగునవి వీనినంటి బ్రతుకును. పెరూ దేశపు సముద్రమున నొకజాతి ఆక్టోపస్సులు ఈ గడ్డలపై మొలచి చచ్చిన స్పంజుల కాడలను చుట్టుకొని గ్రుడ్లను కాచుచుండుట 2016లో ప్రకటింపబడినది. గడ్డ పోయిన కాడ లేదు. కాడ లేనిచో ఆ తల్లికి పురిటితావు లేదు.

ఇప్పుడు లోకమునకు ఈ గడ్డలపై చూపు పడినది. బండ్లకును మన చేతిలోని ఫోనులకును విద్యుత్తు నిలువచేయు బ్యాటరీలకు ఈ లోహములు కావలెను. మన దేశమును ఇందు వెనుకబడియుండలేదు. హిందూమహాసముద్రము నడుమ 75,000 చదరపు కిలోమీటర్ల మేర, అనగా తెలంగాణములో మూడింట రెండువంతులంత చోట, ఈ గడ్డలను అన్వేషించుటకు 2002లో ఒడంబడిక చేసికొన్నది. 2021లో ఆమోదింపబడిన సముద్రగర్భ పథకము క్రింద, ముగ్గురిని 6000 మీటర్ల లోతునకు కొనిపోవు 'మత్స్య' అను వాహనమును చెన్నపట్టణమున నిర్మింప పూనుకొన్నారు. మనవారు పాతాళమును చూడబోవుట మాకును గర్వకారణమే.

చూచుట వేరు, తీయుట వేరు. 1989లో జర్మను శాస్త్రజ్ఞులు ఆ పెరూ సముద్రపుటడుగుననే నాగలివంటి పరికరముతో దున్ని, ఆ గాయ మెప్పుడు మానునో చూడదలచిరి. 26 యేండ్ల తరువాత, 2015లో, మరల పోయి చూడగా ఆ చాళ్లు నిన్న దున్నినట్లే యున్నవి. అచ్చట గాలి లేదు, వాన లేదు, గడ్డి మొలవదు. మన పొలములో తప్పు దున్నిన మరుసటి కారున దిద్దుకొందుము. ఆ పొలమున దిద్దుబాటు లేదు.

భూమిపై గనులకై అడవులు నరుకుచున్నారు, పల్లెలను లేపుచున్నారు. సముద్రములో త్రవ్విన ఎవ్వరి యిల్లును కూలదు, బొగ్గుపొగయు తగ్గును అని మరికొందరి వాదము. ఇది త్రోసివేయదగిన మాట కాదు. గనుల చెంత బ్రతుకు స్త్రీల కష్టము మన మెరుగనిది కాదు. కాని చీకటికొట్టులో నేమున్నదో చూడక, ఒక మూటను బయటికి లాగిన తక్కినవి కూలునో నిలుచునో తెలియక, చేయిపెట్టు నిల్లాలు లేదు. మొదట దీపము తెచ్చును. క్షీరసాగరమును మథించినపుడు అమృతమునకు ముందు హాలాహలము పుట్టినది. దానిని మ్రింగుట కానాడు పరమశివు డుండెను. నేటి మథనమున మ్రింగువా రెవరో ముందుగ తెలిసికొనుట మంచిదిగదా.

మరియొక ధర్మముకూడ కలదు. ఏ దేశమునకును చెందని సముద్రపుటడుగు మానవజాతి యుమ్మడి సొత్తని 1982 నాటి అంతర్జాతీయ సముద్రచట్టము చెప్పుచున్నది. ఉమ్మడి సొత్తన నేమో మనకు వేరుగ చెప్పనక్కరలేదు. అందు పుట్టిన బిడ్డకు పుట్టుకతోనే భాగము కలదు. ఆడుబిడ్డల కా భాగము ఆంధ్రప్రదేశమున 1986 నాటి చట్టముచేతను, దేశమంతటను 2005 నాటి చట్టముచేతను లభించినది. ఆ న్యాయమునే పాటించినచో, సముద్రగర్భమున మన మనుమరాండ్రకును భాగ మున్నది. వారి నడుగక అమ్ముకొనుట కెవరికి హక్కు కలదు?

ఈ విషయమున లోకము ఇంకను తేల్చుకొనలేదు. గనుల నియమములు 2025 జూలై నాటి జమైకా సభలోను కుదురలేదు. తగినంత తెలియువరకు పని నిలుపవలెనని ఆ యేటికి 30కి పైగా దేశములు కోరియున్నవి. దేశముల మేరలు దాటిన సముద్రములోని జీవులను కాపాడుటకై 2023లో కుదిరిన యొడంబడిక 2026 జనవరి 17 నుండి అమలునకు వచ్చినది. దానిపై మన దేశము 2024లో సంతకము చేసినది. కనుక నిర్ణయము మన కాలముననే జరుగవలసియున్నది.

ఇందు మనము చేయదగిన దేమని సోదరీమణు లడుగుదురు. పెట్టెలలో మూలుగు పాత ఫోనులను, బ్యాటరీలను చెత్తలో వేయక తిరిగి కరగించువారికి చేర్చుట యొకటి. అందలి లోహము మరల వాడుకకు వచ్చును. పాడైనదానిని బాగుచేయించుకొని మరి రెండేండ్లు వాడుట మరియొకటి. మన బాలికలకు నేలపటముతోపాటు సముద్రపుటడుగు పటమును చూపుట యన్నిటికంటె ముఖ్యము. "నీకెందుకే" యను మాట కట్టిపెట్టి, వారడిగినదానికి మనకు తెలిసినంత చెప్పుదము. తెలియనిచో వారితో కూడ కూర్చుండి వెదకుదము. మిగిలిన ఆ మూడుపాళ్ల పటమును గీయవలసినవారు వారే. అది పూర్తియగునంతవరకు ఆ యడుగున నాగలి పెట్టవలదని పెద్దల నడుగుట మన వంతు.